రెండు రైళ్ళ నడుమ చంద్రపురము

అమెరికాలో నున్న మా మేనల్లుడు 2019లో భార్యాబిడ్డలతో కరీబియన్ సముద్రమున విహారనౌక మీద వారము దినములు తిరిగి వచ్చి, ఆ విశేషములను మాకు టెలిఫోనులో సవిస్తరముగా చెప్పెను. ఆ నౌక యొక చిన్న యూరంత యుండునట. రాత్రియంతయు ప్రయాణము చేసి యుదయమున నొక ద్వీపము చేరును. ప్రయాణికులు దిగి, చూడదగినవి చూచి, సాయంకాలమునకు మరలి రావలెను. నౌక బయలుదేరుటకు అరగంట ముందుగనో, గంట ముందుగనో అందఱును లోపల నుండవలెననుట నియమము. ఆలస్యమైన వాని కొరకు నౌక నిలువదు. వాడు తన డబ్బుతో తరువాతి రేవునకు పోయి దానిని కలిసికొనవలసినదే. గడియారము విషయమునను జాగ్రత్త వలయును. నౌకలోని కాలము వేఱు, ద్వీపములోని కాలము వేఱు కావచ్చును.

గ్వాడెలూప్ అను ద్వీపమున వారికి ఏడు గంటల వ్యవధి దొరికినది. సముద్రతీరమునకొకసారి, అంగడికొకసారి, జలపాతమునకొకసారి పరుగులిడి, ఏ యొక్కటియు కన్నులార చూడక, చెమటలు కార్చుకొనుచు నౌకను చేరిరట. నౌక కదలిన పిమ్మట తోడి ప్రయాణికుడొకడు చెప్పగా తెలిసినదేమనగా, 1854 డిసెంబరులో తొలి యోడ చేరినది మొదలు ఆ ద్వీపమునకు మన దక్షిణదేశపు కూలీలు వేలకొలదిగా పోయి చెఱకు తోటలలో పని చేసిరనియు, వారి సంతతివారు నేటికిని అమ్మవారిని కొలుచు షాంజీ దేవాలయము కాపెస్టెర్ అను నూర నున్నదనియు. ఆ సంగతి చెప్పి మా మేనల్లుడు, “మామా, అమ్మ వచ్చినప్పుడు మీరు చేసిందే నేనూ చేసిన” అనెను.

ఆ మాటకు మేము నొచ్చుకొనలేదు. అది నిజము గనుక నొచ్చుకొనుటకు మాకధికారము లేదు.

మన యూరికి సముద్రము లేదు, నౌకలు రావు. కాని రైలు కలదు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తియై, మద్రాసు నుండి ఢిల్లీకి నేరుగా త్రోవ యేర్పడినది మొదలు, తెలుగుదేశము నుండి కాశికో ప్రయాగకో ఢిల్లీకో పోవు మన బంధువులనేకులు చంద్రపురము మీదుగనే పోవుచున్నారు. కొందఱు కిటికీలో నుండి చేయి యూపి, మనమందించిన పులిహోర డబ్బా యందుకొని పోవుదురు. (ఆ డబ్బాలలో మరలి యింటికి వచ్చినవెన్నియో మన గృహిణులనడుగవలెను.) కొందఱు మాత్రము దిగి, తరువాతి బండి వచ్చువఱకు నాలుగైదు గంటలు మనకు దక్కుదురు. ఆ నాలుగైదు గంటలను మనమేమి చేయుచున్నామనునదే యిచ్చట మా ప్రస్తావన.

2012 ఫిబ్రవరిలో మా అక్కగారును బావగారును మంథని నుండి కాశికి బయలుదేరి, త్రోవలో మా యింట దిగిరి. ఉదయము ఎనిమిది గంటలకు వచ్చిరి. కాశికి పోవు బండి మధ్యాహ్నము రెండు గంటలకు. మా అక్కగారు ఈ యూర పెరిగినవారే. మా తండ్రిగారు లాల్‌పేట బొగ్గుగనిలో హాజరు గుమాస్తాగా నుండి, అచ్చటి కూలీల వరుసయిండ్లలోనే ఒక అర్రలో కాపురముండిరి. అక్కగారికి పదునాఱవ యేట, 1966లో, వివాహమై మంథని పోయిరి. అప్పటికి మాకు ఎనిమిదేండ్లు. తరువాత రెండేండ్లకు తండ్రిగారు కాలము చేయగా మేనమామగారు మమ్ము తీసికొనిపోయిరి. మేము మరల ఈ యూరు చేరినది ఉద్యోగము వచ్చిన పిదపనే. అక్కగారు నడుమ రెండు మాఱులు పెండ్లిండ్లకు వచ్చిరి గాని, పెండ్లికి వచ్చినవారికి పెండ్లి పందిరి తప్ప యూరు కనబడదు గదా!

ఆ దినమున కాళ్ళు కడుగుకొనుచునే అక్కగారు, “తమ్మీ, ఒక్కసారి లాల్‌పేట దిక్కు పోయొద్దామా? మన అర్ర ఉన్నదో లేదో చూస్త” అనిరి.

“పోదాం గాని అక్కా, ముందు చాయ తాగు” అంటిమి.

చాయ తరువాత ఉప్మా వచ్చినది. ఉప్మా తరువాత ఇరుగుపొరుగువారు వచ్చిరి. మా యావిడ తెల్లవాఱుజామున లేచి పూర్ణము రుబ్బి యుంచినది. బూరెలు వేడిగా తినవలెను గదా యని పొయ్యి వెలిగించినది. మేము సంచి పట్టుకొని చీర తెచ్చుటకు అంగడికి పోయి, ఆడపడుచునకు తక్కువ రకము పెట్టరాదని మూడు దుకాణములు తిరిగి, పదునొకండు గంటలకు వచ్చితిమి. భోజనమునకు కూర్చుండునప్పటికి పండ్రెండున్నర. అక్కగారు గడియారము వంక నొకసారి చూచి, “వచ్చేటప్పుడు చూస్తతీయ్” అనిరి. తిరుగు ప్రయాణమున వారి బండి ఈ స్టేషను దాటునప్పటికి రాత్రి రెండు గంటలు. మేము ప్లాట్‌ఫారము మీద డబ్బాతో నిలిచియుంటిమి. అక్కగారు నిద్రలో నుండిరి. లేపవద్దంటిమి.

మన తెలుగువారి ఆతిథ్యములో కొఱతయేమియు లేదు. కొఱత యంతయు అతిథి యేమి కోరుచున్నాడో వినుటలోనే యున్నది. విస్తరిలో నేడు రకములు లేనిచో మనకు పరువు తక్కువ. పెట్టువారికి తీఱిక యుండదు, తినువారికి నోరు మెదప వీలుండదు. ఇంతలో బండి వేళ యగును.

ఇప్పుడు మేమనుసరించు పద్ధతిని సంఘ సోదరులకు మనవి చేసెదము. వచ్చువారిని ముందుగనే టెలిఫోనులో “మీరేమి చూడదలచినారు?” అని యడిగి, వారు చెప్పిన యొక్క దానికే గంటలను కేటాయింతుము. స్టేషను బయటనే తర్రీపోహా తినిపించినచో పది నిమిషములలో ఉపాహారము ముగియును. ఏమియు కోరనివారి కొరకు మాకొక త్రోవ కలదు. ఆటో వానితో బేరము ముందుగనే తెగగొట్టి, జట్‌పురా ద్వారము వద్ద నిమిషము నిలిపి, గోండు రాజుల చిహ్నమైన ఏనుగు నణచు సింహమును గోడపై చూపుదుము. పెద్దబజారు త్రోవలో గాంధీచౌకు దాటి అంచలేశ్వరమునకు పోవుదుము. గుడి ప్రక్కనే గోండు రాజుల సమాధులు. వానిలో వీరశాహు సమాధి, హత్యకు గుఱియైన భర్త కొరకు రాణి హిరాయి 18వ శతాబ్ది తొలినాళ్ళలో కట్టించినది. ఆ రాళ్ళ నీడలో వృద్ధులకు కొంతసేపు విశ్రాంతియు దొరకును. అటనుండి మహాకాళి గుడి దగ్గఱనే కలదు. చైత్రమాసమున జాతర వేళ మాత్రము గుడిని ఆశింపరాదు. నాందేడు నుండియు మన తెలంగాణము నుండియు వచ్చిన జనముతో వీథులు నిండియుండును. బండి తప్పుట నిశ్చయము. కోటగోడ చూడగోరు యువకులున్నచో గోడ మీదికి తీసికొనిపోవచ్చును. పిచ్చిమొక్కలతో పూడిపోయిన ఆ గోడను 2017 నుండి ఈకో–ప్రో సంస్థ యువకులు తమ చేతులతో శుభ్రము చేసిరి.

తాడోబా పులిని చూపుమనువారికి మాత్రము “అది నాలుగు గంటల పని కాదు, మరల రండు” అని మొగము మీదనే చెప్పుదుము. మఱియొక మాట. మన యూర చంద్రపురమని యొకటియు, చాందా ఫోర్టు అని యొకటియు రెండు స్టేషనులు కలవు. రెండవది గోందియా మార్గముది. టిక్కెట్టు మీది పేరు చదువక ఆటో నెక్కిన బంధువునొకని మేమెఱుగుదుము.

బావగారు మరల దిగినది 2016 ఆషాఢమున. అక్కగారి అస్థికలు తీసికొని ప్రయాగకు పోవుచుండిరి. మేనల్లుడు వెంట నుండెను. అస్థికలతో నున్నవారు ఇంట నడుగు పెట్టరాదను నాచారము చొప్పున ఆయన ముందుగనే, “ఇంటికి రాను, స్టేషనుకే రా” అని చెప్పిరి. ఆ కారణమున వంట లేదు, పలకరింపులు లేవు, బట్టలు లేవు. నాలుగు గంటలు మా చేతిలో నుండెను. మా యావిడ ఫ్లాస్కులో చాయ తెచ్చి యిచ్చి, మాటాడలేక తిరిగి పోయినది.

“బావా, లాల్‌పేట పోదామా?” అంటిమి.

ఆయన తలయూపిరి. మేనల్లుడు ఎఱ్ఱగుడ్డ కట్టిన కలశమును ఒడిలో నుంచుకొని కూర్చుండెను. త్రోవలో బయలున పడియున్న పెద్ద రాతి విగ్రహములను చూచి ఇవి యెవరివని యడిగెను. రాయప్ప కోమటి యను ధనవంతుడు శివాలయము కట్టదలచి చెక్కించినవనియు, గుడి లేవకమునుపే ఆయన పోవుటచే ఇట్లే యుండిపోయినవనియు జనశ్రుతి. లింగము, నంది, గణపతి మున్నగునవి కలవు. వెల్లకిల పడియున్న పదితలల దుర్గను ఊరివారు రావణుడందురు. చెప్పుచుండగనే, ఆ కోమటి పేరు మన పేరు వలెనే యున్నదే యని బావగారనిరి. కాని ఆటో ఆపవద్దనిరి. కలశముతో దేవతల సమీపమునకు పోరాదని ఆయన పట్టుదల.

గని వరుసయిండ్లు లేవు. గోడల మొదళ్ళును తుమ్మపొదలును మిగిలియుండెను. మేనల్లుడు కలశముతో ఒక వేపచెట్టు క్రింద నిలువగా, బావగారు వాన తుంపరలోనే నడచుచు ఒక్కొక్కటి యడుగసాగిరి. బొగ్గునుసి ఏరినది ఎక్కడ, నీళ్ళకు వరుస కట్టినది ఎక్కడ, మీ అమ్మ పొయ్యి పెట్టిన మూల ఏది? ఏబదియేండ్ల కాపురములో అక్కగారు చెప్పినదంతయు ఆయనకు గుర్తుండెను. మాకే సగము గుర్తు లేదు.

“ఉయ్యాల కట్టిన చింతచెట్టు ఇదేనా?” అని ఒక చెట్టు మొదట చేయి వేసి యడిగిరి.

ఇదేనంటిమి. మా జ్ఞాపకమున ఆ వరుసకు రెండు చింతచెట్లుండెను. రెండవది ఇప్పుడు లేదు. ఉయ్యాల దేనికి కట్టిరో ఎనిమిదేండ్ల నాటి మాట మాకు నిశ్చయముగా తెలియదు.

బావగారు తడిసిన రెమ్మనొకదానిని త్రుంచి చేతిరుమాలులో చుట్టుకొనిరి. బండి వేళకు గంట ముందుగనే స్టేషను చేరితిమి. మూడవ దినమున ప్రయాగ నుండి మేనల్లుడు టెలిఫోను చేసి, పని పూర్తియైనదని చెప్పి, కొంతసేపాగి, “బాపు ఆ చింతరెమ్మను గూడ నీళ్ళల్ల విడిచిండు మామా” అనెను.