ఒక్క లైన్ కామెంట్

మినీ ప్రాజెక్ట్ వైవాలో మేడమ్ నా కోడ్‌లో ఒక లైన్ చూపించి, "ఇది ఎందుకు రాశావ్?" అన్నారు. రాసింది నేనే, రెండు నెలల క్రితం. అయినా నోరు పెగల్లేదు.

ఆ రాత్రి ఉక్రోషంతో బిట్‌కాయిన్ కోర్ కోడ్ తెరిచాను. ఓపెన్ సోర్స్ కదా, పెద్దవాళ్లు ఎలా రాస్తారో చూద్దామని. కొత్త బ్లాక్‌కి ఎంత బహుమతి ఇవ్వాలో లెక్కగట్టే ఫంక్షన్ చిన్నదే. 2,10,000 బ్లాకులకోసారి బహుమతి సగమవుతుంది. మొదట్లో 50 కాయిన్లు, 2024 నుంచి 3.125. సగం చేయడమంటే బిట్లని కుడివైపు ఒక స్థానం జరపడమే.

మరి 64 సార్లు సగమయ్యాక "సున్నా ఇవ్వు" అని విడిగా షరతెందుకు? పైనే ఒక్క లైన్ కామెంట్: అంత దూరం జరిపితే ఏమొస్తుందో భాష నిర్వచించలేదని. మన ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 64 స్థానాలంటే సున్నా స్థానాలుగా తీసుకుంటాయి. అంటే బహుమతి మళ్లీ 50! దీన్ని 2014లో దిద్దారు. ఆ తేడా బయటపడేది దాదాపు 2260ల్లో. అప్పటికి రాసినవాళ్లుండరు, చదివిన నేనూ ఉండను. కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంతకీ నా లైన్‌లో ఉన్నది ఒక "మైనస్ వన్". అదెందుకో కనుక్కునేసరికి తెల్లారింది. దానిపైన కామెంట్ రాసి పడుకున్నా.