వల్లె వేయడం చదవడం కాదు

సాయంకాలం మా అరుగు మీద చిన్నపిల్లలకు చదువు చెప్పుచున్నాము. ఒక జాలరి బిడ్డ 'అ' మొదలు 'ఱ' వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. ఒకనాడు పలక మీద 'ల' రాసి అడిగితే నోరు మెదపలేదు. శ్రద్ధ లేదని గద్దించాము. కన్నీళ్లతో వెళ్లినవాడు మూడు రోజులు రాలేదు.

అప్పుడు తప్పు మాదేనని తెలిసింది. అక్షరం చూసి శబ్దం పలకడం మేము వానికి నేర్పనేలేదు. మేమే ఇంటికి వెళ్లి పిలుచుకొని వచ్చాము.

పాఠాల క్రమం మార్చి రాసుకున్నాము. మొదటి వారం ప, ల, క మాత్రమే. వాటితోనే కల, పలక, కలప అనే మాటలు. 'వ' చూడడానికి 'ప' వలెనే ఉంటుంది గనుక దానిని మూడవ వారానికి జరిపాము. గుణింతాలు ఆ తరువాత, ఒత్తులు చివరను. ఏ రోజైనా ముందు చెవికి శబ్దం, తరువాత కంటికి రూపం, ఆపైన చేతికి బలపం.

మూడవ వారం పలక మీద రెండక్షరాలు రాశాము. వాడు వేలు పెట్టి కూడబలుక్కొని, "వల! మా నాన్నది!" అని కేక వేశాడు.

తల్లిదండ్రులారా, బిడ్డ అప్పజెప్పితే సంతోషించండి. కాని వరుస తప్పించి ఒక అక్షరం చూపి అడగండి. చెప్పలేకపోతే కొట్టవద్దు, నేర్పే క్రమం మార్చండి.