తోక కింద తంటా

పిల్లికి జ్వరమొచ్చినా, తిండి మానేసినా యజమానులు గడగడా చెప్పేస్తారు. బాధ తోక కిందైతే మాత్రం మాట పెగలదు. ఒక పెద్దావిడ తన పిల్లి జున్నును బుట్టలో తెచ్చి, “దీనికేదో చాదస్తం పట్టుకుందండీ డాక్టరు గారూ, పొద్దస్తమానం నాక్కుంటూనే ఉంటుంది” అంది. “ఎక్కడ నాక్కుంటోందమ్మా?” అంటే మనవడి వైపు చూసింది. వాడు ఫోన్లోంచి తలెత్తకుండా “వెనకాల” అన్నాడు.

తోక ఎత్తి చూశాను. మలద్వారం పక్కన వెంట్రుకలు ఊడిపోయి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. వేలితో మెల్లగా తడిమితే శెనగగింజంత గడ్డ గట్టిగా తగిలింది. జున్ను గిర్రున తిరిగి బుస్సుమంది.

మలద్వారానికి అటూ ఇటూ, గడియారంలో 4, 8 అంకెలుండే చోట, చర్మం కింద రెండు చిన్న సంచులుంటాయి. లోపలి గ్రంథులు స్రవించే ద్రవం వాటిలో చేరుతుంది. మలం బయటికొచ్చేటప్పుడు కలిగే ఒత్తిడికి అందులో కాస్త కారుతుంది. అది ఆ పిల్లి వాసన, దాని ఆనవాలు. భయపడినా చిమ్ముతుంది. పరీక్ష బల్ల మీద ఒక్కసారి వదిలిందంటే కుళ్లిన చేపల కంపు ఎన్ని కిటికీలు తీసినా ఓ పట్టాన పోదు. బయట కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కుక్కల్లో ఈ సంచులు పూడుకుపోయే జబ్బు మామూలే. నేల మీద పిర్రలు ఈడ్చుకుంటూ పోతాయి కాబట్టి ఇంట్లోవాళ్లు ఇట్టే కనిపెడతారు. పిల్లుల్లో ఇది తక్కువ, పైగా అవి అలా ఈడ్చుకోవడమూ తక్కువే. నాక్కుంటాయి. కూర్చోబోయి చటుక్కున లేస్తాయి. ఇసుక ట్రే మానేసి గది మూల పాడు చేస్తాయి. “పొగరెక్కింది” అంటారు ఇంట్లోవాళ్లు.

జున్నుకి కొద్దిగా మత్తిచ్చి, గ్లవుకి జెల్లీ రాసుకుని ఒత్తితే గోరింటాకు ముద్దలాంటిది వచ్చింది. పలచగా ఉండాల్సింది అలా చిక్కబడితే సన్నటి దారిలోంచి బయటికి రాలేదు. ఏం పెడుతున్నారని అడిగాను. పాలూ, పెరుగన్నమూనట. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మలం జారుగా అవుతుంది, సంచుల మీద ఒత్తిడి చాలదు. అసలు పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అందకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి. “మా ఇంట్లో నీసు రానివ్వమండీ” అందావిడ. చాలాసేపు బేరమాడాక, పిల్లుల ప్యాకెట్ మేత పెరట్లో, వేరే గిన్నెలో పెట్టడానికి ఒప్పుకుంది. పిల్లి కోసం మనుషులు మడిని సడలించుకోవడం నేను తరచుగా చూసే వింతే.

అందరూ ఇంత తొందరగా రారు. ఒక కుర్రాడు తన గండుపిల్లిని తెచ్చేసరికి సంచిలో చీము పట్టి, చర్మం చిట్లి, మలద్వారం పక్కన చిల్లు పడి ఉంది. పక్క వీధి పిల్లి కరిచిందనుకున్నాడు. ఇంట్లో గాయాలకు వాడే యాంటీసెప్టిక్ పూశాడు, పిల్లి దాన్ని నాకేసింది. నొప్పి తగ్గుతుందని అర పారాసిటమాల్ బిళ్ల కూడా మింగించాడు. పుండు సంగతి సులువు: సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్, పిల్లులకు సరిపడే నొప్పి మందు ఇచ్చి, నాక్కోకుండా మెడకు కోన్ కట్టాం. నన్ను హడలగొట్టింది ఆ అర బిళ్ల. మన కాలేయంలా పిల్లి కాలేయం దాన్ని విరిచెయ్యలేదు. రక్తం ఆక్సిజన్ మొయ్యడం మానేస్తుంది. అప్పటికే చిగుళ్లు గోధుమరంగుకి తిరిగాయి, మొహం ఉబ్బింది. ఆక్సిజన్ పెట్టి, విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఎక్కించాం. దాని ఆయుష్షు గట్టిది, దక్కింది. మలద్వార గ్రంథి జబ్బుతో పిల్లి చనిపోవడం చాలా అరుదు. ఇంటి వైద్యంతో చనిపోయినవాటిని చూశాను.

జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడితే ఆ సంచులు తీసేసే ఆపరేషన్ ఉంది. పక్కనే మలాన్ని పట్టి ఉంచే కండరమూ, దాని నరాలూ ఉంటాయి కాబట్టి నేను దాన్ని చివరి దారిగానే చూస్తాను. ముసలి పిల్లిలో గట్టి గడ్డ తగిలితే ముక్క తీసి ల్యాబుకి పంపుతాను. అరుదే అయినా అక్కడ క్యాన్సర్ రావచ్చు. బాగున్న పిల్లిని నెలనెలా పిండించక్కర్లేదు. స్నానంతో పాటు అదీ చేస్తామనే గ్రూమింగ్ షాపులవాళ్లకు వద్దని చెప్పండి. ఊరికే నొక్కితే వాపొస్తుంది.

వెనకాల నాక్కునే ప్రతి పిల్లికీ ఈ జబ్బే అనుకోకూడదు. తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. పురుగుకు మందు వేయడంతో పాటు, ఆ పురుగును మోసే గోమార్లనూ (ఫ్లీలు) వదిలించాలి. అందుకని కుక్కల గోమార్ల మందు తెచ్చి పూస్తే, అందులో పెర్మెత్రిన్ ఉంటే, పిల్లికి ఫిట్స్ వస్తాయి. ఇక మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతుంటే “మలబద్ధకం, ఆముదం పట్టమంటారా?” అని ఫోన్ చేస్తారు. నేను ముందు ఇసుక తడిసిందా అని అడుగుతాను. తడవలేదంటే మూత్రం బిగిసిందేమోనని అర్థం. అర్ధరాత్రయినా సరే, అప్పటికప్పుడే తీసుకురమ్మంటాను.