వజ్రాల వీధిలో లాఠీల మెరుపు

సూరత్‌లోని వరాఛా ప్రాంతంలో మాన్‌గఢ్ చౌక్‌ దగ్గర పట్టపగలు కాసేపు నిలబడితే చాలు, ఈ ఊరి నమ్మకం ఏపాటిదో అర్థమవుతుంది. స్కూటర్ సీట్ల మీదే బేరాలు. మడత కాగితాల్లోంచి రాళ్లు బయటికొస్తాయి, భూతద్దం కిందికి వెళ్తాయి, మళ్లీ జేబులోకి చేరతాయి. మాటే పత్రం. ప్రపంచంలో సానబెట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది సూరత్‌లోనే మెరుగు దిద్దుకుంటాయని చెబుతారు. ఇంతమంది రోడ్డు మీద గుమిగూడినా అనుమతి ఉందా అని అడిగేవాళ్లు లేరు.

2015 సెప్టెంబర్ 19న మాత్రం అడిగారు. పటేళ్ల రిజర్వేషన్ ఉద్యమ నేత హార్దిక్ పటేల్ ఇక్కడి నుంచే ఏక్తా యాత్ర మొదలుపెట్టబోయాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్లు. యాత్రకు అనుమతి లేదంటూ పోలీసులు అతన్ని, అనుచరులను వ్యాన్లెక్కించారు. ఆ వెంటే సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ మూగబోయింది. నెల తిరక్కముందే రెండోసారి. ఆగస్టు 25న అహ్మదాబాద్ సభ తర్వాత చెలరేగిన హింసలో రాష్ట్రమంతటా పలువురు చనిపోయారు. వరాఛాకు కర్ఫ్యూ, నగరానికి సైన్యం వచ్చాయి.

ఇంటర్నెట్ నిలిపివేతకు ప్రభుత్వం వాడిన ఆయుధం 144వ సెక్షన్. గుంపులను చెదరగొట్టడానికి బ్రిటిష్ వాళ్లు రాసుకున్న నిబంధనతో కంటికి కనిపించని గుంపులనూ చెదరగొట్టొచ్చా అన్న ప్రశ్న గుజరాత్ హైకోర్టు దాకా వెళ్లింది. చెదరగొట్టొచ్చనే కోర్టు చెప్పింది. ఆ సెక్షన్‌ను పదేపదే వాడటం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు స్పష్టం చేయడానికి 2020 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా కాశ్మీర్ కేసులో. ఇక గుజరాత్ పోలీసు చట్టంలోని 37వ సెక్షన్ ఎటూ ఉంది. జనం గుమిగూడటాన్ని, ఊరేగింపులను నగర పోలీసు కమిషనర్ ఒక్క ప్రకటనతో నిషేధించొచ్చు. 15 రోజులు దాటితేనే రాష్ట్ర ప్రభుత్వం సమ్మతి కావాలి.

ఆ అక్టోబర్‌లో అమ్రోలీ పోలీసులు హార్దిక్‌పై రాజద్రోహం కేసు పెట్టారు. ఆత్మహత్య చేసుకుంటానన్న ఒక యువకుడితో, దానికంటే ఒకరిద్దరు పోలీసులను చంపడం మేలన్నాడని ఆరోపణ. ఆ మాటను సమర్థించడం ఎవరికైనా కష్టమే. అయితే అది రాజద్రోహమా? ఈ ప్రశ్న సూరత్‌లో వినిపించడంలో ఒక విడ్డూరం ఉంది. 1907 డిసెంబర్‌లో కాంగ్రెస్ మితవాదులు, అతివాదులు చెప్పులు, కుర్చీలు విసురుకుని విడిపోయింది ఈ ఊళ్లోనే. చివరికి పందిరి ఖాళీ చేయించింది పోలీసులే. మరుసటి ఏడాది అతివాదుల నాయకుడు తిలక్‌ను ఆరేళ్ల శిక్షతో మాండలే పంపిన సెక్షన్ 124ఏ. వందేళ్లు దాటాక హార్దిక్ మీద పడిందీ అదే. సూరత్ శివార్లలోని లాజ్‌పోర్ జైలు నుంచి అతను 2016 జూలై 15న బయటికొచ్చాడు. ఆరు నెలలు గుజరాత్‌లో అడుగుపెట్టొద్దన్నది బెయిలు షరతు. బయట ఉండనిచ్చారు, సొంత రాష్ట్రంలో మాత్రం ఉండనివ్వలేదు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 2019లో కాంగ్రెస్, 2022లో బీజేపీ, అదే ఏడాది విరంగాం ఎమ్మెల్యే పదవి. తనను జైల్లో పెట్టిన పార్టీ టికెట్టు మీదే గెలిచాడు. అలాంటి దారి దొరకని వాళ్లు ఇదే నగరంలో కోకొల్లలు.

వస్త్ర వ్యాపారుల సంగతే చూడండి. జీఎస్టీకి వ్యతిరేకంగా రింగ్ రోడ్డు మార్కెట్లు మూసిన వాళ్లు 2017 జూలై 3న లాఠీ దెబ్బలు తిన్నారు. ఆ డిసెంబర్ ఎన్నికల్లో జిల్లాలోని 16 స్థానాల్లో 15 బీజేపీకే వెళ్లాయి. సూరత్ వాపును, ఓటును వేర్వేరు ఖాతాల్లో రాసుకుంటుంది.

లింబాయత్ గల్లీల్లో తెలుగు వినిపిస్తుంది. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం దశాబ్దాల కిందటే తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులూ నడిపింది. ఒడియా కూలీలకు అలాంటి వేళ్లు తక్కువ. మగ్గాల దగ్గర వాళ్లు ఒంటరిగా, ఒక్కో గదిలో పదుల మందిగా ఉంటారు. 2020 ఏప్రిల్ 10 రాత్రి, లాక్‌డౌన్‌లో కూలీ లేక, ఇళ్లకు పంపమంటూ లస్‌కాణాలో రోడ్డెక్కింది ఎక్కువగా వీళ్లే. వాహనాలకు నిప్పంటుకుంది, పదుల సంఖ్యలో అరెస్టులు జరిగాయి. మే 4న వరేలీ దగ్గర రాళ్లు, బాష్పవాయువు. వాళ్లు రాజ్యాధికారం అడగలేదు, రిజర్వేషన్ అడగలేదు. రైలు అడిగారు.

ఇవన్నీ రోడ్డు మీద జరిగినవి. సగ్రాంపురాలోని రాజశ్రీ హాలు కథలో నినాదం కూడా లేదు. 2001 డిసెంబర్ చివర్లో ముస్లింల విద్యపై సదస్సు కోసమంటూ వివిధ రాష్ట్రాల నుంచి జనం అక్కడికి వచ్చారు. సిమీపై నిషేధం పడి అప్పటికి మూడు నెలలు. అది సిమీ సమావేశమేనంటూ పోలీసులు 127 మందిని అరెస్టు చేసి ఉపా చట్టం కింద కేసు పెట్టారు. నెలల తరబడి జైలు, ఆపైన బెయిలు, ఆపైన ఏళ్ల తరబడి వాయిదాలు. దూర రాష్ట్రాల వాళ్లకు ప్రతి వాయిదా ఒక రైలు ప్రయాణం. కొత్త ఉద్యోగానికి, అద్దె ఇంటికి, పెళ్లి సంబంధానికి ముందు ఆ కేసు సంగతే చెప్పుకోవాల్సిన బతుకు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

2021 మార్చి 6న సూరత్ కోర్టు తీర్పు వెలువడింది. వాళ్లు సిమీ సభ్యులని నిరూపించే నమ్మదగ్గ సాక్ష్యం ప్రాసిక్యూషన్ చూపలేదని, ఉపా కింద విచారణకు తీసుకున్న అనుమతే చెల్లదని కోర్టు చెప్పింది. నిర్దోషులుగా తేలింది 122 మంది. మిగిలిన ఐదుగురు విచారణ సాగుతుండగానే చనిపోయారు.