ఇంకా తేల్చుకోలేదు



ఎన్నికల కాలములో మన పల్లెల్లో రచ్చకట్ట దగ్గర వినబడే ప్రశ్న ఒక్కటే: ఎవరు గెలుస్తారు? ఆ నిలబడినవారిని ఎవరు నిలబెట్టారని మనము అడగము. టికెట్టు పైనుండి వస్తుంది. పెద్దలు రాజధానిలోనో ఢిల్లీలోనో కూర్చుని జాబితా తయారు చేస్తారు. బి-ఫారము ఎవరి చేతికి వస్తే ఆయనే అభ్యర్థి. అమెరికా దేశములో ఆ పని కూడా ఓటర్లదే. నవంబరులో అధ్యక్షుని ఎన్నిక ఉన్నదంటే, ఆ సంవత్సరము ఆరంభము నుండి జూన్ వరకు ఒక్కొక్క రాష్ట్రములో ఓటర్లు తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో చెప్పుకుంటూ వస్తారు. పెట్టెలో ఓటు వేసి చెబితే దానిని ప్రైమరీ అంటారు. ఊరివారు ఒక సాయంకాలము బడిలోనో గుడిలోనో కూడుకొని తేల్చుకుంటే దానిని కాకస్ అంటారు. డెమొక్రాటిక్ పార్టీలో 1972 నుండి 2020 వరకు ఈ వరుసలో మొదటిది అయోవా కాకస్. అది మొక్కజొన్న పండించే రైతుల రాష్ట్రము.

ఈ సంగతులను నేను వెదకి చదవడానికి కారణము మా సంఘములోని ఒక శెనక్కాయల రైతు. 2024 డిసెంబరు 29న అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నూరేళ్ళ వయస్సులో మరణించాడు. ఆ తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ పెద్దాయన పేపరు మడిచి చంకలో పెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, ఈయన మన మాదిరి శెనక్కాయల రైతంట గదా? సండే స్కూలు కూడా చెప్పేవాడంట గదా? మరి అంతమంది క్రైస్తవులుండే దేశంలో రెండోతూరి ఎందుకు ఓడగొట్టినారు?" అని అడిగాడు.

వానకోసము ఆకాశము చూచే మా అనంతపురము వైపు రైతుతో కార్టర్‌ను సరిగా పోల్చలేము. జార్జియా రాష్ట్రములో ప్లెయిన్స్ అనే చిన్న ఊరిలో ఆయనకు పొలముతో పాటు గోదాము, విత్తనపు కాయల వ్యాపారము ఉండేవి. అంతకుముందు నౌకాదళములో అధికారి, తరువాత జార్జియా గవర్నరు. అయినా 1974 డిసెంబరులో అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ప్రకటించినప్పుడు జార్జియా బయట ఆయన ఎవరో జనానికి తెలియదు. జిమ్మీ ఎవరు అని పత్రికలవారే నవ్వారు. (ఆయన తల్లిగారిని మాత్రము మన దేశము ముందే ఎరుగును. 68 ఏళ్ళ వయస్సులో నర్సుగా బొంబాయి దగ్గర విఖ్రోలీకి వచ్చి దాదాపు రెండేళ్ళు రోగులకు సేవ చేసింది.)

ఆ రోజులెటువంటివో కొంచెము జ్ఞాపకము చేసుకోవాలి. వాటర్‌గేట్ వ్యవహారములో అబద్ధాలు బయటపడి అధ్యక్షుడు నిక్సన్ 1974 ఆగస్టులో రాజీనామా చేశాడు. వియత్నాము యుద్ధములో ప్రభుత్వము చెప్పినదొకటి, జరిగినదొకటి అని కొడుకులను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు తెలిసిపోయింది. అటువంటి సమయములో ఒకాయన చేతిసంచితో వచ్చి, నేను మీకు అబద్ధము చెప్పను అన్నాడు. హోటలు ఖర్చు లేకుండా మద్దతుదారుల ఇండ్లలోనే పడుకున్నాడు. 1976 జనవరిలో జార్జియా నుండి తొంభైమంది దాకా స్వంత ఖర్చుతో న్యూ హాంప్‌షైర్ వెళ్ళి, మంచులో ఇంటింటికీ తిరిగి, మా పొరుగువాని కొరకు వచ్చామని చెప్పారు. వారికి వేరుశెనగ దళము అని పేరు వచ్చింది. డబ్బు పంచే కార్యకర్తను చూచిన మనకు ఇది వింతగానే ఉంటుంది.

ఇక 1976 జనవరి 19 సాయంకాలము అయోవాలో ఏమి జరిగిందో వినండి. కార్టర్ అక్కడ గెలిచాడనే చాలామంది చెబుతారు. మిగతా అభ్యర్థులందరికంటె ఆయన ముందున్న మాట నిజమే. నూటికి 28 మంది దగ్గర దగ్గర ఆయన వైపు నిలిచారు. అయితే మొదటి స్థానము ఆయనది కాదు, ఏ మనిషిదీ కాదు. నూటికి 37 మంది, మేము ఇంకా తేల్చుకోలేదు అని చెప్పి ఆ గుంపుగానే నిలబడ్డారు. దానికి అక్కడ అన్‌కమిటెడ్ అని పేరు. పిల్లలను పడుకోబెట్టి, చలిలో బయలుదేరి, అంత దూరము వచ్చి, ఇంకా తేల్చుకోలేదు అని చెప్పి వెళ్ళారు!

మన నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అయితే ఆ రెండూ ఒకటి కావు. నోటా అంటే వీరెవరూ వద్దు అని. అయోవావారు వద్దనలేదు, ఇంకా వింటాము అన్నారు. వారి లెక్కకు తగినట్టు వారి ప్రతినిధులు కూడా తరువాతి సభలకు వెళ్ళారు. ఈ మాట నాకు ఎంతో నచ్చింది. మన సంఘాలలో సందేహమనగానే అవిశ్వాసమని భయపడతాము. గిద్యోను ఉన్నిబొచ్చు కళ్ళములో పరచి ఒకసారి కాదు, రెండుసార్లు పరీక్షించి చూచినా దేవుడు అతనిని గద్దించలేదు గదా. దేవుని మాట విషయములోనే అంత ఓర్పు ఉంటే, ఓటు అడగవచ్చినవాని మాటను పరీక్షించడము తప్పెట్లా అవుతుంది? 2024 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రపు ప్రైమరీలో లక్షమందికి పైగా ఇదే అన్‌కమిటెడ్ గడిలో గుర్తు పెట్టారు. అది గాజా యుద్ధము గురించి తమ అధ్యక్షునికి తెలియజేసిన నిరసన, వేరే కథ.

కార్టర్ మీద సందేహాలు అక్కడితో ఆగలేదు. తాను తిరిగి జన్మించిన క్రైస్తవుడనని ఆయన దాచకుండా చెప్పాడు. దక్షిణాది బాప్టిస్టులు సంతోషించారు. ఉత్తరాదివారు, యూదులు, కాథలిక్కులు, ఈయన పాలన చేస్తాడా, ప్రసంగాలు చేస్తాడా అని గుసగుసలాడుకున్నారు. ఏ విషయములోనూ ఇదమిత్థమని చెప్పడు, చిరునవ్వుతో దాటవేస్తాడు అన్న ఫిర్యాదు కూడా ఉన్నది. అందులో న్యాయము లేకపోలేదు. ఇక నల్లజాతివారి సంగతి. ఏప్రిల్‌లో ఆయన, ఒక్కొక్క జాతివారు ఉండే పేటలు ఆ స్వచ్ఛతను నిలుపుకోవచ్చునన్న అర్థము వచ్చేటట్టు నోరుజారి, తరువాత క్షమాపణ చెప్పుకొన్నాడు. అప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ తండ్రిగారు, ఆయన కూడా పాస్టరే, కన్నకొడుకును తెల్లవాని తుపాకి గుండుకు పోగొట్టుకొన్నవాడు, అట్లాంటాలో అందరి ఎదుట కార్టర్ ప్రక్కన నిలబడ్డాడు. ఆ ముసలి దైవసేవకుడు లేకపోతే కార్టర్ ప్రయాణము అక్కడితో ఆగేదేమో. చివరి నెలలలో కాలిఫోర్నియా వంటి చోట్ల ఓడినా, జూన్‌లో ఒహైయో గెలుపుతో పార్టీ టికెట్టు ఆయనదయింది.

కార్టర్ స్వంత సంఘము గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ప్లెయిన్స్ బాప్టిస్టు సంఘములో నల్లవారిని రానివ్వకూడదని 1965లో తీర్మానము పెట్టారు. కార్టర్ కుటుంబము, మరొక్కరు తప్ప దానికి ఎదురు ఓటు వేసినవారు లేరు. 1976 నవంబరు ఎన్నికకు రెండు రోజుల ముందు, ఆదివారమునాడు, ఒక నల్లజాతి బోధకుడు సభ్యత్వము కొరకు అదే గుడి దగ్గరకు వచ్చాడు. సంఘము ఆరాధననే రద్దు చేసుకొంది. ఎన్నిక ముగిసిన తరువాత అదే నెలలో ఆ కట్టడను తీసివేశారు. మన ఊళ్ళలో రెండు పేటలకు రెండు గుళ్ళున్న చోట ఈ సంగతి చదివి వినిపిస్తే ఎవరికి తగలాలో వారికి తగులుతుంది.

మా అక్క కూతురు అయోవాలో నర్సు. అక్కడి పౌరసత్వము వచ్చిన తరువాత 2020 ఫిబ్రవరి 3న మొదటిసారి కాకస్‌కు వెళ్ళింది. ఆ సాయంకాలము సంగతి మొన్న ఫోనులో మళ్ళీ అడిగి చెప్పించుకొన్నాను. బడిలో పిల్లలు ఆడుకొనే పెద్ద గదిలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క మూల. నీకు కావలసినవాని మూలకు పోయి నిలబడాలి. రహస్యము లేదు, ఇరుగుపొరుగు అందరూ చూస్తారు. తలలు లెక్కపెడతారు. నూటికి 15 మంది కూడని గుంపు నిలవదు, ఇంకొక మూలకు పోవాలి లేదా ఇంటికి పోవాలి. ఈమె గుంపుకు నలుగురు తక్కువయ్యారు. వెంటనే మిగతా మూలలవారు వచ్చి, మా దగ్గరకు రండి అని బ్రతిమాలడము మొదలుపెట్టారు. పక్కింటి ముసలాయన ఎదురు మూలనుండి చెయ్యి ఊపినాడట.

"మామా, మా ఆసుపత్రిలో బిల్లు భయంతో మందులు సగమే కొనుక్కొనే వాళ్ళను రోజూ చూస్తాను. ఆ మాట ఎత్తినవాళ్ళ మూలకే పోవాలనుకున్నా. కాని ఆయన నవంబరులో గెలుస్తాడా అని లోపల భయం. అందుకే మొదట ఇంకో మూలలో నిలబడినాను" అన్నది. ఆ అభ్యర్థుల పేర్లు నేనిక్కడ వ్రాయను. ఆ గదిలో సగముమందిది అదే గుంజాటన అని చెప్పింది. నాకు ఎవరు కావాలి, ఎవరైతే గెలుస్తారు? ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషిలో పోట్లాడుకోవడము ప్రైమరీ కాలములోనే బాగా కనబడుతుంది. ఆఖరుకు ఆమె మనస్సు మొదట కోరిన మూలకే నడిచి వెళ్ళింది. నాకు ఆ నాలుగు అడుగులే గొప్పగా తోచినవి. మన దగ్గర, ఓడేవానికి వేస్తే ఓటు మురిగిపోతుంది అని చదువుకొన్నవారు కూడా అంటారు. గెలిచే గుర్రమును ముందుగా ఎవరు చూచి వచ్చారు? ఆ సంవత్సరము అయోవాలో నాలుగవ స్థానములో, న్యూ హాంప్‌షైర్‌లో అయిదవ స్థానములో ఉన్న బైడెన్ ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో గెలిచి, చివరకు అధ్యక్షుడే అయ్యాడు. 2024లో అయోవా డెమొక్రాట్లు మూలల పద్ధతి విడిచి పోస్టు ద్వారా ఓటు వేశారు.

మా పెద్దాయన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది. 1980 జనవరిలో అదే అయోవాలో కార్టర్, కెన్నెడీ మీద దాదాపు రెండింతల బలముతో గెలిచాడు. తేల్చుకోలేదన్నవారు ఈసారి కొద్దిమందే. కాని ఆ సంవత్సరము ధరలు నూటికి 13 పైన పెరిగాయి. ఇరానులో 52 మంది అమెరికన్లు బందీలుగా ఉన్నారు. వారిని విడిపించబోయి ఎనిమిదిమంది సైనికులు చనిపోయారు. గర్భస్రావము, క్రైస్తవ పాఠశాలల మీద పన్ను వంటి విషయాలలో, మనవాడనుకొంటే మన మాట వినలేదే అని 1976లో సంతోషించిన విశ్వాసులలో అనేకులు అలిగారు. నవంబరులో వారు విడాకులు తీసుకొని మళ్ళీ పెళ్ళి చేసుకొన్న రీగన్‌కు ఓటు వేశారు. కార్టర్‌కు ఆరు రాష్ట్రాలు, రాజధాని నగరము మాత్రమే మిగిలాయి.

ధరలను చూచి, బందీలను చూచి ఓటు మార్చుకొన్నవారిని నేను తప్పుపట్టను. వారు ఎన్నుకొన్నది అధ్యక్షుని, పాస్టరును కాదు. మనవాడు అన్న ఒక్క మాటతో వేసి, మనవాడు అన్న ఒక్క మాటతోనే అలిగినవారి సంగతి మాత్రము నాకు అంత తేలికగా లేదు. నాలుగేళ్ళ ముందు అయోవాలో మొదటి స్థానములో నిలిచినవారివలె, వారు కూడా కొంతసేపు ఆగి అడగవలసిన ప్రశ్నలు అడిగి ఉంటే అంత ఆశ, అంత అలుక రెండూ ఉండేవి కావు. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన తల ఊపాడు గాని ఒప్పుకోలేదు. "మనోడు కాకపోతే ఇంకెవనికి వేస్తాము అయ్యగారూ" అన్నాడు. మేమింకా వాదించుకుంటూనే ఉన్నాము.

ఓడిన కార్టర్ ప్లెయిన్స్‌కే తిరిగి వచ్చాడు. పాత సంఘమునుండి విడిపోయి ఏర్పడిన మరనాత బాప్టిస్టు సంఘములో చేరి, తొంభై దాటే వరకు సండే స్కూలు చెప్పాడు. 2023 ఫిబ్రవరి నుండి ఆసుపత్రి వైద్యము మాని ఇంటిలోనే మంచము మీద ఉన్నాడు. 2024 అక్టోబరు 1న నూరేళ్ళు నిండాయి. ఓటు వేసేవరకు బ్రతికి ఉంటే చాలునని ఇంటివారితో అన్నాడట. అదే నెల 16న పోస్టు ద్వారా తన ఓటు వేశాడు. ఆయన వేసిన అభ్యర్థి ఓడిపోయింది.