ఊరు వదిలాకే ఇంటిపేరు

సుచిత్ర సర్కిల్‌ నుంచి కొంపల్లి వైపు వెళ్తూ ఏ అపార్ట్‌మెంట్‌ దగ్గరైనా ఆగి, కింద నేమ్‌బోర్డు మీద ఉన్న పేర్లు చదవండి. ఒకరు కందుకూరి, ఒకరు ఏలూరి, ఆ పై అంతస్తులో నిడమర్తి, ఎదురు ఫ్లాట్‌లో పోచంపల్లి. రెండు రాష్ట్రాల మ్యాపును ముక్కలు చేసి ఫ్లాట్‌కొక ముక్క పంచినట్టుంటుంది. తమాషా ఏమిటంటే ఆ ఊళ్లలో వీళ్లెవరూ పుట్టి ఉండరు. చాలామంది ఆ ఊరి పొలిమేర కూడా చూసి ఉండరు.

తెలుగువాళ్ల ఇంటిపేర్లన్నీ ఊళ్ల పేర్లేనని కాదు. పప్పు వారున్నారు, పెరుగు వారున్నారు, గేదెల వారు, బండి వారు ఉన్నారు. ఒక్కో పేరు వెనక ఒక్కో కథ చెబుతారు. అందులో సగం పెళ్లిభోజనాల దగ్గర పుట్టినవే అనుకోండి. ఊరి పేర్లు మాత్రం అలా కాదు. వాటికి వ్యాకరణమే సాక్ష్యం.

మనం 'ఇంటి పేరు' అంటాం, 'ఇల్లు పేరు' అనం. 'ఏటి గట్టు' అంటాం, 'ఏరు గట్టు' అనం. ఏదైనా ఒకదానికి చెందింది అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాట చివర అలా మెత్తబడుతుంది. ఊళ్ల పేర్లదీ ఇదే దారి. కందుకూరు కందుకూరి అవుతుంది, టంగుటూరు టంగుటూరి అవుతుంది. పాడు పాటి అవుతుంది, నిడమర్రు నిడమర్తి అవుతుంది. కాబట్టి 'కందుకూరి' అనేది పూర్తి పేరు కూడా కాదు. 'కందుకూరుకు చెందిన...' అంటూ సగంలో ఆగిన వాక్యం. ఆ మిగతా సగంలోనే మనుషులుంటారు.

మరి కందుకూరులో ఉన్నవాణ్ని కందుకూరివాడని పిలిచి ఏం లాభం? అక్కడ అందరూ కందుకూరివాళ్లే. ఆ పిలుపు పనికొచ్చేది అతను ఊరు వదిలి, మరో ఊళ్లో ఎవరి అరుగు మీదో కూర్చున్నప్పుడే. అంటే ఊరి పేరు ఇంటిపేరయిందంటే, ఎప్పుడో ఒకనాడు ఒక కుటుంబం మూటాముల్లె సర్దుకుని ఆ ఊరి నుంచి బయల్దేరిందన్నమాట. మనం ఎక్కడివాళ్లమో చెప్పేది కాదది, ఎక్కణ్నుంచి వచ్చేశామో చెప్పేది.

మా పుట్టింటివారి ఇంటిపేరు చివర 'పాటి' ఉంటుంది. మొదటి సగం రాయను. ఎందుకు రాయనో ముందుకెళ్లాక చెబుతాను. గుంటూరు వైపు ఆ 'పాడు' ఇప్పటికీ ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లికి అటు వెళ్లినప్పుడు మా చిన్నాన్న కారు ఆపించి, రచ్చబండ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాడు, ఈ ఊళ్లో ఫలానా పాటి వారి ఇళ్లెక్కడండీ అని. ఆయన చుట్ట పక్కనబెట్టి నవ్వాడు. "ఆ పేరు గలవాళ్లు ఇక్కడెందుకుంటారయ్యా? అది మా ఊరి పేరు కదా. వాళ్లుండేది పై ఊళ్లలో" అన్నాడు. వ్యాకరణ పుస్తకాల్లో చదివితే ఇంత సూటిగా బుర్రకెక్కేది కాదు.

పెద్ద పెద్ద పేర్లు తీసుకున్నా ఇదే సంగతి. కందుకూరి వీరేశలింగం పుట్టింది రాజమండ్రిలో, 1848లో. పూర్వీకులు కందుకూరు నుంచి తరలివచ్చారు. పాపం కందుకూరు కథ చూడండి. మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, ఆ జిల్లానే తర్వాత ప్రకాశం అన్నారు. 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చేసింది. ఊరి చిరునామా ఇన్నిసార్లు మారినా వీరేశలింగం గారి ఇంటిపేరులో అక్షరం కదల్లేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌ పుట్టింది 1888లో తిరుత్తణిలో. సర్వేపల్లి నెల్లూరు దగ్గర. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టాడు, కావేరి ఒడ్డున బతికాడు, 1847లో తిరువయ్యారులో కన్నుమూశాడు. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన కంభం ప్రాంతంలో ఉంది. తరాల కిందట వదిలేసిన ఊరు అరవదేశంలో కూడా ఆ ఇంటి గుమ్మం దిగలేదు.

ఇవన్నీ పాతకాలపు సంగతులనుకోవద్దు. మన కళ్లముందే, అంటే నిన్నమొన్నటి తరంలో, ఇంటిపేరు పుట్టిన సందర్భం ఒకటుంది. 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్‌ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం బూర్గుల. పట్నంలో చదువు, వకాలత్తు, రాజకీయం... అందరూ బూర్గుల బూర్గుల అంటుంటే పుల్లంరాజు వెనక్కి తగ్గింది. ఘంటసాల సంగతి ఇంకా విచిత్రం. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922లో. ఘంటసాల అనేది ఊరి పేరు, ఇంటిపేరు. వేంకటేశ్వరరావు అనే సొంత పేరును మనమెవరమైనా పలుకుతున్నామా?

ఊళ్లెందుకు వదిలారంటారా? కొందరు కొలువు కోసం, కొందరు దానంగా వచ్చిన మాన్యం కోసం, కొందరు అన్నదమ్ముల తగాదాలతో. కరువుకు వదిలినవాళ్లు మాత్రం కథలు చెప్పుకోవడానికి మిగల్లేదు. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమలో 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారంటారు. ఆనకట్టలు ఆ తర్వాత వచ్చాయి. ధవళేశ్వరం 1852 నాటికి, బెజవాడ 1855 నాటికి. నీళ్లు ఏ ఊరికి వచ్చాయో మనుషులు ఆ ఊరికి నడిచారు.

మా తాత నడిచింది మాత్రం ఇటువైపు. మంజీర మీద నిజాంసాగర్‌ 1931లో పూర్తయింది. కాలువ కింద నేల చవకగా వస్తోందని విని, 1940లలో గుంటూరు జిల్లాలో ఉన్న రెండెకరాలు అమ్మి, బోధన్‌ పక్కన పదెకరాలు కొన్నాడు. అలా వచ్చినవాళ్లు కాపురాలు పెట్టిన చోటును నిజామాబాద్‌ జిల్లాలో ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. డెబ్బై ఎనభై ఏళ్లయినా క్యాంపే! మా నాన్న అక్కడే పెరిగాడు, మేమూ అక్కడే పుట్టాం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మమ్మల్ని 'గుంటూరోళ్లు' అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికి గుంటూరు ఎటువైపుందో కూడా తెలియదు.

నాన్న ముసలితనంలో పొలం కౌలుకిచ్చి, నా దగ్గరికి సుచిత్రకు వచ్చాడు. మేడ్చల్‌, తూప్రాన్‌, కామారెడ్డి మీదుగా నిజామాబాద్‌ వెళ్లే రోడ్డు మా వీధి చివరే కదా, సాయంత్రాలు బస్టాపులో కూర్చుని బోధన్‌ బస్సులు చూసేవాడు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో మమ్మల్నేమంటారో తెలుసా? 'బోధన్‌ వాళ్లు'. బోధన్‌లో ఉన్నన్నాళ్లు ఒక్కరూ ఆ మాట అనలేదు. నాన్న ఆ మాట మొదటిసారి విన్నరోజు చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

ఇక ఇంటిపేరు ఎందుకు పూర్తిగా రాయనన్నానో చెప్పాలి. టు-లెట్‌ బోర్డు చూసి ఫోన్‌ చేసినవాళ్లకు తెలుసు. ఎంతమంది ఉంటారు, వెజ్జా నాన్‌వెజ్జా అన్న తర్వాత, గొంతు కాస్త తగ్గించి, "మీ ఇంటిపేరేంటండీ?" అంటారు. ఊరు తెలుసుకుందామని కాదు. కులం లెక్కేద్దామని. నేను పూర్తిగా రాస్తే మీలో కొందరు కూడా ఈ పాటికి లెక్క తేల్చేసి ఉండేవారు, ఏమనుకోకండి. నిజానికి ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. ఒకే ఊరి నుంచి అర్చకుడి కుటుంబమూ వెళ్తుంది, రైతు కుటుంబమూ వెళ్తుంది, చెప్పులు కుట్టే కుటుంబమూ వెళ్తుంది. వెళ్లిన చోట ముగ్గురినీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. ఊళ్లో వీళ్లకు వీధులు వేరు, బావులు వేరు. ఊరు దాటాక మిగిలిన ఉమ్మడి ఆస్తి ఆ నాలుగక్షరాలే. దాన్ని కూడా ఇల్లు అద్దెకివ్వకపోవడానికి వాడుకోవడం నాకు నచ్చదు. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అన్నవాళ్లు మనకంటే తెలివైనవాళ్లు.

ఇంటిపేరు అక్షరమై కుంచించుకుపోవడం మరో కథ. ఎస్‌.రాధాకృష్ణన్‌, వి.వి.గిరి, ఎన్‌.సంజీవరెడ్డి. ముగ్గురు రాష్ట్రపతులు, సర్వేపల్లి, వరాహగిరి, నీలం అనే మూడు ఇళ్లు, మూడు ఇంగ్లీషు అక్షరాలు. వీరిలో గిరిగారు 1913లో ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో లా చదివారు. ఆ దేశంలో ఇంటిపేర్ల తీరే వేరు. పేరు ముందు 'మాక్‌' ఉంటే ఫలానావాడి కొడుకు, 'ఓ' ఉంటే ఫలానావాడి మనవడు, అంటే ఆ వంశంవాడు. ఓబ్రయిన్‌ అంటే 1014లో యుద్ధంలో చనిపోయిన బ్రయిన్‌ రాజు వంశం. ఏ ఊరు అన్న ప్రశ్న లేదు, ఎవరి మనవడు అన్నదే ప్రశ్న. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో చాలామంది ఆ 'ఓ'లు, 'మాక్‌'లు వదిలేసుకున్నారు. 1845లో మొదలైన బంగాళదుంప కరువుకు లక్షలమంది ఓడలెక్కినప్పుడు మరికొన్ని దారిలో రాలిపోయాయి. జాతీయోద్యమం రోజుల్లో కొందరు ఏరుకుని మళ్లీ తగిలించుకున్నారు.

మనవాళ్లూ ఓడలెక్కారు. చెరకు తోటల్లో కూలీకి 1834 నుంచి మారిషస్‌కు వెళ్లిన భారతీయులు ఇంచుమించు 5 లక్షలు. వారిలో మన తీరంనుంచి వెళ్లినవారిని కోరంగి రేవు పేరుమీద 'కోరంగీలు' అన్నారు. చూశారా, అక్కడ కూడా వదిలొచ్చిన చోటే పేరయింది! కాని రిజిస్టర్లో గుమాస్తా రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరు. ఇంటిపేరుకు గడి లేదు. ఆ వెళ్లినవాడి పేరే పిల్లలకు ఇంటిపేరైంది. మన అప్పడు అక్కడ అప్పాడూ అయ్యాడు. ఆ చివర 'డు' చూసి తెలుగువాడని గుర్తుపట్టాలి. దక్షిణాఫ్రికాలో నాయుడు నాయుడూ అన్నట్టు చివర రెండు 'ఓ'లు తగిలించుకున్నాడు. ఊళ్ల పేర్లు సముద్రంలోనే పోయాయి.

ఇప్పుడు అమెరికా వంతు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా ఉంటే, వీసా మీద ముందు పేరు దగ్గర 'ఎఫ్‌.ఎన్‌.యు.' అని కొట్టి ఇస్తారు. ముందు పేరు తెలియదు అని దానర్థం. మనవాళ్లు అక్కడ మిస్టర్‌ ఫ్నూ అనిపించుకున్న సందర్భాలు కోకొల్లలు. ఇంటిపేరు భయంతో తండ్రి పేరునే ఇంటిపేరు చేసేస్తున్నవాళ్లూ పెరిగారు. అచ్చం మారిషస్‌ గుమాస్తా చేసిన పనే, ఇప్పుడు మనమే చేసుకుంటున్నాం.

మా నాన్నకు మేం ముగ్గురం ఆడపిల్లలం. మా ముగ్గురికీ పెళ్లిళ్లతో ఇంటిపేర్లు మారాయి. 2019లో నాన్న పోయాక, మా శాఖలో ఆ 'పాటి' రాసుకునేవాళ్లు మిగల్లేదు. ఇది నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. అనాల్సిన విషయమని కూడా తోచలేదు.

మొన్న డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. ఆస్పత్రిలో ఇచ్చిన ఫారం పక్కన పెట్టుకుని వీడియోకాల్‌ చేసింది. ముందు పేరు వాళ్లిద్దరూ అనుకున్నదే, చివరి పేరు అల్లుడుగారి ఇంటిపేరు. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉందట. "అమ్మా, తాతయ్య ఇంటిపేరు రాస్తున్నా. స్పెల్లింగ్‌ చెప్పు. చివర టి తర్వాత హెచ్‌ వస్తుందా?" అంది.

వద్దన్నాను. హెచ్‌ పెడితే అది 'పాతి' అవుతుంది. పాడు నుంచి వచ్చింది కాబట్టి ఒక్క టి చాలని చెప్పాను.