ఇంటి వీడియోల కోసం కంప్యూటర్: మా ఇంట్లో వేసుకున్న లెక్క



ఈ మధ్య మన పిల్లలు చాలామంది అడుగుతున్నారు: "అక్కా, ఇంట్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవాలి, ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి? డబ్బులు తక్కువున్నాయి" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మా ఇంట్లో వేసుకున్న లెక్కంతా ఒకచోట రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టే. కొనే ముందు ఓపిగ్గా చదవండి, అప్పు తప్పొచ్చు.

మాది గుత్తి పక్క తండా. సేవాలాల్ మహారాజ్ పుట్టిన చోటని మనవాళ్లు చెప్పుకునే సేవాగఢ్ మాకు దగ్గరే. వానాధారం భూమి, చెనిక్కాయ వేస్తాం. మన అనంతపురం వాన సంగతి మీకు చెప్పేదేముంది, ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. పంట పోయిన ఏడు సగం తండా బెంగళూరులో ఉంటుంది. మా చిన్నాన్న పిల్లలు అక్కడే పెరిగారు. వాళ్లకు కన్నడం వస్తుంది, తెలుగు వస్తుంది. గోర్‌బోలి అర్థమైతుంది గానీ నోట్లోంచి రాదు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మేం కంప్యూటర్ గురించి ఆలోచించిందే ఒక సీడీ వల్ల. మా మేనత్త పెళ్లి 2005లో అయింది. ఆ పెళ్లి సీడీలు మూడు, బియ్యం డబ్బా మీద గుడ్డలో చుట్టి పెట్టి ఉన్నాయి. మేనత్తను సాగనంపేటప్పుడు మా దాది, దాది చెల్లెలు ఇద్దరూ ఆమెను పట్టుకొని ఢావ్లో పాడారు. మన ఆడవాళ్లు ఏడుస్తూ పాడే పాట అది, వినే ఉంటారు. దాది చెల్లెలు ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఎక్కడన్నా మిగిలి ఉందంటే ఆ సీడీలోనే. తీరా వేసి చూస్తే, ఆ రోజు ఎడిటింగ్ చేసినాయన సాగనంపే సీనంతా సినిమా పాట వేసేశాడు. మనుషులు ఏడుస్తుంటారు, పెదాలు కదులుతుంటాయి, వినపడేది మాత్రం హీరో హీరోయిన్ల డ్యూయెట్. అసలు గొంతు మిగిలింది చివర్లో నాలుగు నిమిషాలే.

ఆయన మీద కోపం లేదు. ఆయనకు మన బోలి రాదు. ఏడుపు అనుకున్నాడు, పాట అని తెలియలేదు. కానీ ఆ రోజు నాకొకటి అర్థమైంది. ఏ శబ్దం ఉంచాలి, ఏది తీసేయాలి అనేది బోలి తెలిసినవాళ్లే చెయ్యాలి. మన బోలికి సొంత లిపి లేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాట్లాడతామని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే, వాళ్లందరినీ హిందీ కింద కలిపి లెక్కేశారు. ఎరుకల తమ్ముళ్ల భాషకూ సొంత లిపి లేదు. మనకు పుస్తకం అంటే మన పెద్దోళ్ల గొంతే.

సరే, ఇక కంప్యూటర్.

మొదట ఫోన్‌లోనే చేద్దాం అనుకున్నాం. ఒక నిమిషం రీల్‌కి ఫోన్ చాలు, అనవసరంగా కంప్యూటర్ కొనకండి. కానీ 2024లో చిన్నాన్న కూతురి పెళ్లికి ముగ్గురం మూడు ఫోన్లలో తీశాం. మొత్తం ఐదు గంటల వీడియో. మామూలు ఫుల్ హెచ్‌డీలో తీస్తే గంటకు సుమారు 7, 8 జీబీ అవుతుంది. 4కేలో అయితే గంటకు 20 జీబీ దాకా పోతుంది. ఫోన్ నిండిపోయి, ఏదో ఒకటి డిలీట్ చెయ్యమంటుంది. పెళ్లి డిలీట్ చేస్తామా, సర్టిఫికెట్ల ఫోటోలు డిలీట్ చేస్తామా?

అన్న బెంగళూరులో ఒక షాపులో అడిగొచ్చాడు. "ఎడిటింగ్ అంటే గేమింగ్ ల్యాప్‌టాపే కావాలంట. 68 వేలు. నెల నెలా కట్టుకోవచ్చు" అన్నాడు. నాయన బీడీ ఆర్పి ఒకటే మాట అన్నాడు: "నెల నెలా చెనిక్కాయలు పండుతాయా?" మా దగ్గర ఉన్నది మేకలు అమ్మిన 25 వేలు. అందులోనే కావాలి, లేకపోతే వద్దు.

అందుకని నేను తిప్పి ఆలోచించిన. ఏ కంప్యూటర్ మంచిది అని కాదు, మన పని ఏంది అని. మా పని రాసుకుంటే నాలుగే ముక్కలు. ముక్కలు కోసి అతికించాలి. మూడు ఫోన్ల శబ్దం కలపాలి. కింద తెలుగులో మాటలు రాయాలి. పాత సీడీలు ఎక్కించుకోవాలి. ఇందులో గేమింగ్ లేదు, గ్రాఫిక్స్ మాయలు లేవు.

ఇక్కడ ఒక్క టెక్నికల్ విషయం తెలుసుకోవాలి. ఫోన్ వీడియోను నొక్కి, మడతపెట్టి చిన్నది చేసి దాస్తుంది. ఆ మడతపెట్టే పద్ధతుల్లో పాతది హెచ్.264, కొత్తది హెచ్.265. కొత్త పద్ధతిలో ఫైలు దాదాపు సగం సైజు అవుతుంది, కానీ దాన్ని విప్పడం కంప్యూటర్‌కు కష్టం. ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి ఆడేది ఎక్కువగా అందుకే. ఆ విప్పే పనికి ప్రాసెసర్ లోపలే విడిగా ఒక భాగం ఉంటే 15 వేల కంప్యూటర్ కూడా హాయిగా నడుస్తుంది. అది లేకపోతే పాత ఐ7 కూడా ఎగశ్వాస పీలుస్తుంది.

అందుకే "ఐ5", "ఐ7" అనే స్టిక్కర్ చూసి మోసపోవద్దు. దాని తర్వాత అంకె చూడండి. ఐ7-4770 అంటే నాలుగో తరం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. సెకండ్ హ్యాండ్ షాపుల్లో నాలుగో తరం ఐ7ని గొప్పగా చూపిస్తారు, అది హెచ్.265ని సొంతంగా విప్పలేదు. ఎనిమిదో తరం ఐ5 విప్పుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. కాబట్టి ఎనిమిది కంటే కిందికి దిగొద్దు. అంకె చివర "ఎఫ్" అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు, మనకొద్దు.

ఈ ఎనిమిదో తరం మెషిన్లు తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతాయి? కంపెనీ ఆఫీసులు కొన్నేళ్లు వాడి ఒకేసారి వందల్లో తీసేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అని పేర్లు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇలాంటివి చూడొచ్చు. అన్న ఆదివారాలు తిరిగి, ఐ5-8500, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది ఒకటి పట్టుకున్నాడు.

డెస్క్‌టాప్ తీసుకోవడానికి ఇంకో మంచి కారణం సీడీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ ఉండదు. ఈ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి డీవీడీ డ్రైవ్ ఉంటుంది. అరచేతి సైజు మరీ చిన్నవి తీసుకోవద్దు, వాటిలో ఉండదు. మా 68 వేల ల్యాప్‌టాప్ మేనత్త పెళ్లిని చూపించలేకపోయేది, ఈ పాతది చూపించింది.

మా బిల్లు ఇది, 2024 ధరలు:

కంప్యూటర్ – 13,500
ఇంకో 8 జీబీ ర్యామ్ (మొత్తం 16 అయింది) – 1,500
బయట పెట్టుకునే 2 టీబీ హార్డ్ డిస్క్ – 5,800
యూపీఎస్ – 2,700
కీబోర్డు, మౌస్, టీవీకి కేబుల్ – 900
మొత్తం – 24,400

మానిటర్ కొనలేదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించాం. ఈ ఆఫీసు మెషిన్లలో చాలావాటికి వెనక హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. దాన్నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్ అడిగి తీసుకోండి. ర్యామ్ ధరలు ఆ తర్వాత బాగా పెరిగాయి, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు వీలైతే 16 జీబీ ఉన్నదే బేరమాడండి. 8 జీబీవి రెండు ముక్కలుగా ఉంటే ఒకే 16 ముక్క కంటే ఈ పనికి మేలు.

యూపీఎస్ మాత్రం వదలొద్దు. మన తండా కరెంటు చెప్పి పోదు. ఎడిటింగ్ మధ్యలో పోతే పని పోతుంది, రాసుకుంటున్న డిస్క్ కూడా దెబ్బ తినొచ్చు. ఐదు, పది నిమిషాలు ఆగితే చాలు, సేవ్ చేసి ఆపుకోవచ్చు. కరెంటు మరీ ఘోరంగా ఉండి, రోజులో సగం లేని ఊరైతే అప్పుడు ల్యాప్‌టాపే నయం, ఆ మాటా ఒప్పుకోవాలి. దుమ్ము ఇంకో శత్రువు. నెలకొకసారి కరెంటు తీసేసి, మూత తెరిచి, మెత్తటి బ్రష్షుతో ఫ్యాను దగ్గర దులపండి. ఎండాకాలం మధ్యాహ్నం పెద్ద పని పెట్టకండి, రాత్రి పెట్టుకోండి.

షాపుకు పోయేటప్పుడు మీ ఫోన్‌లో తీసిన వీడియోనే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. వాళ్ల డెమో వీడియో వద్దు. మీదే ఆడించండి. ఆడేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేజీ చూస్తే "వీడియో డీకోడ్" అనే గీత కదలాలి. కదిలితే ఆ విప్పే భాగం పని చేస్తున్నట్టు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. సీడీ ట్రేలో ఒక సీడీ వేసి చూడండి. ఇదంతా పది నిమిషాల పని, సిగ్గుపడొద్దు. మన డబ్బు.

ఎడిటింగ్‌కు షాట్‌కట్, కెడెన్‌లైవ్ రెండూ పూర్తిగా ఉచితం. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి వైరస్ తెచ్చుకోవద్దు. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ గొప్పదే గానీ విడి గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది, మా మెషిన్ మీద బరువు. 4కే వీడియో ఉంటే "ప్రాక్సీ" అనే ఆప్షన్ పెట్టుకోండి. చిన్న నకలు మీద పని చేసి, చివర్లో అసలు వీడియోతో ఫైలు తయారుచేస్తుంది. ఇంకోటి, ఫోన్ వీడియోలో సెకనుకు ఫ్రేములు ఒకే లెక్కన ఉండవు, పోను పోను మాట ఒకచోట, పెదాలు ఒకచోట అవుతాయి. షాట్‌కట్ "ఎడిటింగ్‌కు అనువుగా మార్చాలా" అని అడుగుతుంది, సరే అనండి.

పాత సీడీలు అయితే, వీసీడీలో "ఎంపెగ్‌ఏవీ" అనే ఫోల్డర్‌లో డాట్ ఫైళ్లు ఉంటాయి, వాటిని కాపీ చేసుకుంటే చాలు. బొమ్మ 352×288 అంతే, టీవీలో మసగ్గా ఉంటుంది. పెద్దది చేసినా స్పష్టత రాదు. గొంతు మాత్రం బాగానే ఉంటుంది, మనకు కావాల్సింది అదే. గీతలు పడ్డ సీడీ మొండికేస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, ఇంకో డ్రైవ్‌లో కూడా ప్రయత్నించండి.

మా మూడు సీడీల్లో రెండున్నర ఎక్కాయి. ఆ నాలుగు నిమిషాలు దక్కాయి.

అవి తీసి కింద మాటలు రాద్దామని కూర్చుంటే సగం మాటలు నాకే తెలియవు. దాదిని పక్కన కూర్చోబెట్టుకున్నా. ఒక్కో లైను ఆపి అడిగితే ఆమె చెప్పేది, నేను తెలుగు లిపిలో గోర్‌బోలి ఒక వరస, దాని అర్థం ఇంకో వరస రాసేదాన్ని. నాలుగు నిమిషాలకు పదకొండు రోజులు పట్టింది. చెల్లెలి గొంతు వచ్చినప్పుడల్లా దాది కాసేపు మాట్లాడేది కాదు. నేను కూడా ఆపేసి కూర్చునేదాన్ని. అన్న యూట్యూబ్‌లో పెడదాం, వెనక మ్యూజిక్ వేద్దాం అన్నాడు. దాది ఒప్పుకోలేదు. "అది నా చెల్లెలి ఏడుపు. ఊరందరికీ ఎందుకు? మన పిల్లలకు పెట్టు" అంది. అందుకే అది మా ఇళ్లలోనే ఉంది. మీరు కూడా పాడినవాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టకండి. పెళ్లిళ్లలో పాడేవాళ్లు మనల్ని నమ్మి పాడతారు.

బెంగళూరు పిల్లలు పోయిన తీజ్‌కు వచ్చినప్పుడు టీవీలో వేశాం. కింద మాటలు చదువుకుంటూ చూశారు. చిన్నాన్న చిన్న కూతురు దాది దగ్గరికి పోయి ఒక మాటకు అర్థం అడిగింది, గోర్‌బోలిలోనే అడిగింది. తప్పులతోనే, కానీ అడిగింది.

చివరగా రెండు మాటలు. ఒకే డిస్క్‌ను నమ్మొద్దు. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో చుట్టాల దగ్గర ఉండాలి. మాది మూడోది చిన్నాన్న ఇంట్లో ఉంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో పాడైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఏడు, తండా, పాడినవాళ్ల పేరు, ఏ పాట అన్నీ రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు "వీడియో 0047" అంటే ఏం తెలుస్తుంది?

డబ్బులు అస్సలు లేకపోతే కంప్యూటర్ తర్వాత కొనండి, ముందు డిస్క్ ఒకటి కొని ఉన్నవన్నీ అందులో వేసుకోండి. ఎడిటింగ్ వచ్చే ఏడు కూడా చెయ్యొచ్చు. సీడీలు, పెద్దోళ్లు అంతవరకు ఆగుతారని చెప్పలేం.

గుత్తి, గుంతకల్లు వైపు ఎవరి ఇంట్లోనన్నా పాత పెళ్లి సీడీలు ఉంటే కామెంట్‌లో చెప్పండి. డిస్క్ తెచ్చుకుంటే మా డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తా. డబ్బులేం వద్దు.